చీర కంటే ముందు వచ్చే బొమ్మ: సూరత్ వస్త్ర వ్యాపారంలో గ్రాఫిక్ డిజైన్

సూరత్ నుంచి మన ఊళ్ళకు చీర కంటే ముందు చీర బొమ్మ వస్తుంది. రాజమండ్రి తాడితోటలో, విజయవాడ వస్త్రలతలో, సికింద్రాబాద్ జనరల్ బజార్లో కొట్టు తెరిచి కూర్చున్న వ్యాపారి ఫోనులోకి పొద్దున్నే కేటలాగులు దిగుతుంటాయి. ఒక్కో దాంట్లో ఆరో ఎనిమిదో చీరలు, ఒక్కో చీరకు ఒక డిజైన్ నంబరు, మొదటి పేజీలో ఆడపిల్ల పేరులాంటి ఒక శీర్షిక. ఆయన గుడ్డ ముట్టుకోడు. మడత విప్పి వెలుతురుకు పట్టి చూడడు. బొమ్మ చూసి, నంబరు చెప్పి, సెట్లు రాయిస్తాడు. ఒకప్పుడు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళి, రింగ్ రోడ్డు మార్కెట్లలో తెల్ల దుప్పటి పరిచిన గద్దె మీద కూర్చుని, వేళ్ళతో నలిపి చూసి చేసిన బేరంలో ఇవాళ చాలా భాగం ఆ బొమ్మ మీదే నడుస్తోంది.

వ్యాపారంలో గ్రాఫిక్ డిజైన్ ఏం చేస్తుందన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాల్లో దొరికే జవాబులు పెద్ద కంపెనీల చుట్టూ తిరుగుతాయి. లోగో, రంగు, అక్షరం, అన్నిచోట్లా ఒకే ముఖం. ఆ చదువు 1907లో జర్మన్ విద్యుత్ సంస్థ ఏఈజీకి పీటర్ బెరెన్స్ చేసిన పనితో మొదలవుతుంది. సూరత్ రింగ్ రోడ్డు మీద ఉన్నవి కుటుంబాలు నడిపే కొట్లు. వాటికి మార్కెటింగ్ విభాగాలు ఉండవు, వ్యూహపత్రాలు ఉండవు. అయినా డిజైన్ మీద ఇంతగా ఆధారపడి బతికే మార్కెట్లు దేశంలో ఎక్కువ లేవు. అందుకే ఈ ప్రశ్నను ఇక్కడ నిలబడి చూడాలనిపిస్తుంది.

దీని మీద ఇప్పటికి మూడు రకాల అభిప్రాయాలు చలామణిలో ఉన్నాయి. మొదటిది పాత వ్యాపారిది: సరుకు బాగుంటే అదే అమ్ముడవుతుంది, బొమ్మ పైమెరుగు, ఖర్చు. రెండోది కన్సల్టెంట్లది: డిజైన్ లాభం తెస్తుంది, లెక్కలు చూసుకోండి. 2018లో మెకిన్సీ సంస్థ 300 లిస్టెడ్ కంపెనీల ఐదేళ్ళ రికార్డు పరిశీలించి, డిజైన్‌లో ముందున్న పావు వంతు కంపెనీల ఆదాయం తోటి కంపెనీల కంటే 32 శాతం పాయింట్లు ఎక్కువ పెరిగిందని చెప్పింది. ఈ లెక్కను చాలామంది చాలా చోట్ల వల్లిస్తారు. అయితే అందులో డిజైన్ అంటే ఒక్క గ్రాఫిక్ డిజైన్ కాదు. వస్తువు తయారీ, సేవ, వినియోగదారుడి అనుభవం అన్నీ కలిపిన కొలత అది. పైగా డిజైన్ వల్ల కంపెనీ బాగుపడిందా, బాగున్న కంపెనీకే డిజైన్ మీద పెట్టేంత తీరిక, డబ్బు ఉన్నాయా అన్నది ఆ అంకె తేల్చదు. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీల లెక్కను తెచ్చి, ఇద్దరు అన్నదమ్ములు నడిపే చీరల గద్దెకు అతికించడం సరైన పని కాదు.

మూడో అభిప్రాయం డిజైన్ బడులది. 1958లో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక మన చెంబును గొప్ప డిజైన్‌కు ఉదాహరణగా చూపించింది. తరతరాల చేతుల్లో, అవసరాన్ని బట్టి తీరిన రూపమని దాని సారాంశం. ఆ నివేదిక ఫలంగా 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ, మనం ఎన్ఐడీ అనేది, పుట్టింది. స్టేట్ బ్యాంకు నీలి గుండ్రం 1971లో అక్కడినుంచే వచ్చింది. డిజైన్ అవసరానికి జవాబు అన్న ఈ దృష్టి నాకు మొదటి రెండింటి కంటే దగ్గరిది. కానీ సూరత్ విషయంలో అవసరం ఎవరిది, అమ్మేవాడిదా, కొనేవాడిదా, కట్టుకునే మనిషిదా అని అడిగితే తప్ప ఆ మాట పూర్తి కాదు.

నాకు తోచింది ఇది. సరుకు కంటికి కనబడని బేరంలో బొమ్మ వ్యాపారి ఇచ్చే మాట. దాన్ని అందంతో ఒక్కటే తూచకూడదు, నిలబెట్టుకున్నారా లేదా అని కూడా తూచాలి.

ఈ సంగతి కొత్తది కాదు. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ తన పేరులోని మూడు అక్షరాలను ఒకదానిలో ఒకటి అల్లి ఒక గుర్తు చేసుకుంది. పెద్ద వీ అక్షరం, దాని రెండు కాళ్ళకు ఓ, సీ. కంపెనీలోని ఏ నగర శాఖ సరుకో చెప్పడానికి పైన ఒక చిన్న అక్షరం. అదే గుర్తు మచిలీపట్నంలోనూ, సూరత్‌లోనూ పనిచేసింది. 1611లో మచిలీపట్నంలో, తర్వాత రెండేళ్ళకు సూరత్‌లో కొఠీ పెట్టిన ఇంగ్లీషు కంపెనీ బేళ్ళ మీద హృదయాకారం, దాని నెత్తిన నాలుగు అంకె లాంటి గీత ఉండేవి. తెలుగు తీరాన్నీ సూరత్ ఉన్న తాపీ నది తీరాన్నీ ఒకే ముద్రలు కలిపిన కాలం అది. ఆ ముద్రల్లో అలంకారం దాదాపు లేదు. సరుకు ఎవరిది, ఎవరు జవాబుదారు అన్న రెండు ప్రశ్నలకు చదువు రాని హమాలీ కూడా చూసి చెప్పగల జవాబు ఉంది.

పందొమ్మిదో శతాబ్దంలో మాంచెస్టర్ వస్త్రం మన బజార్లను ముంచెత్తినప్పుడు బొమ్మ బలం పదింతలైంది. ప్రతి తాను మీదా రంగురంగుల లిథో ముద్రణ కాగితం అంటించేవారు. దేవుళ్ళు, ఏనుగులు, పులులు, రాజులు. బజారులో వాటిని టికెట్లనీ, ఛాపులనీ అన్నారు. కొనేవాడు కంపెనీ పేరు చదవనక్కర్లేదు, ఫలానా బొమ్మ గుడ్డ కావాలంటే చాలు. మన నేతగాళ్ళ కడుపు కొట్టిన వ్యాపారానికి మన దేవుళ్ళనే ముఖంగా పెట్టారన్నది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఐనా అక్కడ ఒక ముఖ్యమైన మలుపు ఉంది. 1889 నాటి మర్చండైజ్ మార్క్స్ చట్టం తాను మీద ఎన్ని గజాలుందో ముద్ర వేయాలని నిర్బంధించింది. అంటే ఆకర్షించే బొమ్మ పక్కనే కొలత చెప్పే అంకె ఉండాలని చట్టమే అడిగింది. వ్యాపార సంభాషణలో డిజైన్‌కు ఉండే రెండు చేతులు ఇవే. ఒకటి పిలిచేది, ఒకటి చెప్పేది. సూరత్‌లో మొదటి చెయ్యి అసాధారణంగా పెరిగింది, రెండోది సన్నబడిపోయింది.

మొదటిది ఎందుకు అంతగా పెరిగిందో చూడాలి. ఈ ఊరి వస్త్రం ప్రధానంగా పాలిస్టర్. రంగు వేయని గ్రే గుడ్డ మగ్గాల నుంచి వస్తుంది, పాండేసరా, సచిన్ వంటి చోట్ల మిల్లుల్లో రంగు, ముద్రణ జరుగుతాయి. ఒకే మిల్లులో పది మంది వ్యాపారుల సరుకు పక్కపక్కనే ముద్రణ అవుతుంది. గుడ్డ ఒకటే, యంత్రం ఒకటే. మిగిలిన తేడా నమూనా. ఆ నమూనా బజారులో పడ్డ కొద్ది రోజుల్లోనే పక్క గద్దె మీదకు నకలు వచ్చేస్తుంది. దాన్ని ఆపడం కష్టం. నమూనాల చట్టం కింద నమోదు చేయిస్తే 10 ఏళ్ళు, ఆపై మరో 5 ఏళ్ళు రక్షణ ఉంటుంది. కానీ ఒక సీజనుకు మించి బతకని చీర డిజైన్ కోసం దరఖాస్తు పెట్టి ఎదురుచూసే వ్యాపారి అరుదు. నమోదు చేయించదగిన నమూనాను నమోదు లేకుండా యంత్రం మీద 50 సార్లకు మించి దించితే, 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం కాపీరైట్ కూడా నిలవదు. ఒకే నమూనాను ఎనిమిది రంగుల్లో వేసిన సెట్లు ఏడు అమ్మితేనే ఆ హద్దు దాటిపోతుంది.

కాబట్టి సూరత్ వ్యాపారి నమూనాను కాపాడుకోవడం మాని దాని చుట్టూ ఉన్నదాన్ని పెంచుకున్నాడు. కేటలాగ్ పేరు, పెట్టె, మోడల్, ఫోటో వెనక రాజస్థానీ హవేలీ గోడ, అన్నింటికీ మించి వేగం. నకలు వచ్చేలోగా కొత్త కేటలాగ్. పూల నమూనాను ఎవరైనా దించగలరు గానీ పెట్టె మీద పేరు దించితే ట్రేడ్‌మార్కు చట్టం ఊరుకోదు. బయటినుంచి చూసేవారికి ఆర్భాటంగా కనిపించే ఆ పెట్టెలు, ఆ పేర్లు చట్టం ఇవ్వలేని రక్షణను వ్యాపారి తనకు తాను కట్టుకున్న తీరు. దీన్ని వ్యూహమని ఎవరూ పిలవకపోయినా ఇది వ్యూహమే.

డిజైన్ నంబరు సంగతి కూడా చెప్పాలి. అమ్మేవాడిది గుజరాతీయో మార్వాడీయో, పార్సెల్ కట్టేవాడిది ఒడియా, కొనేవాడిది తెలుగు. ఇంతమంది మధ్య రంగు పేర్లతో పని జరగదు. మనం చిలకపచ్చ అన్నది వాళ్ళకు పారట్ గ్రీన్ కావచ్చు, కాకపోవచ్చు. అందుకే ప్రతి పేజీ మూలనా నాలుగంకెల నంబరు. దాన్ని తీర్చిదిద్దినవాడికి ఏ బహుమతీ రాదు. కానీ సూరత్ కేటలాగ్‌లో అన్నిటికంటే మంచి డిజైన్ ఆ నంబరే అని నా నమ్మకం. తప్పు పార్సెల్ రాకుండా ఆపేది అది.

బొమ్మ బలం ఎంతవరకు అన్నదానికి ఈ ఊళ్ళోనే గొప్ప ఉదాహరణ గార్డెన్ వరేలీ. 1970, 80 దశకాల్లో పత్రికలు చదివినవారికి ఆ ప్రకటనలు గుర్తుంటాయి. గార్డెన్ సిల్క్ మిల్స్ సింథటిక్ చీరను చవక సరుకుగా కాక, ఠీవి గల పట్నపు స్త్రీ ఎంపికగా నిలబెట్టింది. అదే కాలంలో అహ్మదాబాద్ నరోడా నుంచి ఓన్లీ విమల్ హోరెత్తింది. సూరత్ గుడ్డకు దేశమంతటా మర్యాద తెచ్చినవాటిలో గార్డెన్ ప్రకటనలది ముందు వరస. అయితే ఆ కంపెనీ 2020లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళి మరుసటి ఏడాది ఎంసీపీఐ అనే సంస్థ చేతికి మారింది. పాలిస్టర్ నూలు, పాలిస్టర్ చిప్స్ తయారీ అంటే పెట్టుబడులు, అప్పులు, ముడిసరుకు ధరలు మింగేసే పరిశ్రమ; అందులో పేరు ప్రతిష్ఠలు కంపెనీని ఒడ్డున పడేయలేకపోయాయి. కన్సల్టెంట్ల లెక్కలు వల్లించేవారు ఈ పక్క కథనూ చెప్పాలి. డిజైన్ సరుకును జనం మనసులోకి తీసుకెళ్తుంది. బ్యాలెన్స్ షీటును మోయడం దాని పని కాదు.

తర్వాతి మలుపు వాట్సాప్. అచ్చు కేటలాగ్ కాలంలో పేజీకి చిన్న గుడ్డ ముక్క అంటించేవారు. బొమ్మ అతిశయించినా వేలికి నిజం తగిలేది. పీడీఎఫ్ వచ్చాక ఆ ముక్క పోయింది. 2015లో మొదలైన మీషో వంటి వేదికలు సూరత్ సరుకును ఇంట్లో కూర్చుని అమ్మే లక్షలాది మహిళల చేతికి ఇచ్చాయి. ఒంగోలులోనో మంచిర్యాలలోనో ఉన్న గృహిణి తాను చూడని చీరను తన చుట్టాలకు, ఇరుగుపొరుగుకు తన మాట మీద అమ్ముతోంది. ఫోటోలో నెమలికంఠం రంగు ఉండి, పార్సెల్‌లో వెలిసిన నీలం వస్తే పోయేది సూరత్ వ్యాపారి పరువు కాదు. ఆమె పరువు.

రంగు తేడాకు మోసం ఒక్కటే కారణం కాదు. ఫోను తెర వెలుగును వెదజల్లి రంగు చూపిస్తుంది, గుడ్డ తన మీద పడ్డ వెలుగులో కొంత మింగి మిగిలింది చూపిస్తుంది. స్టూడియో దీపాలు, కెమెరా సర్దుబాటు, వాట్సాప్ కుదింపు, చూసేవారి ఫోనులో రాత్రి వేళ పసుపెక్కే తెర, ఇన్ని చేతులు మారాక అసలు రంగు చేరడమే ఆశ్చర్యం. కానీ ఒకే చీర ఫోటో తీసి మిగతా ఏడు రంగులూ కంప్యూటర్లో మార్చేయడం వేరే సంగతి. అక్కడ ఫోటోకు అసలు చీరే లేదు. మన ఆన్‌లైన్ చీరల గుంపుల్లో ఆడవాళ్ళు "రియల్ పిక్ పెట్టండి" అని అడుగుతుంటారు. డిజైన్ విమర్శలో నేను చదివిన చాలా పేజీల కంటే ఆ మూడు మాటల్లో ఎక్కువ తెలివి ఉంది. కిటికీ పక్క పగటి వెలుతురులో తీసిన ఒక్క ఫోటో, కొంగు లాగి జారవిడిచిన పది సెకన్ల వీడియో పెడితే చాలు, జారుడు, పల్చదనం, బరువు ఎంతో కొంత తెలుస్తాయి. 2020 ఈ-కామర్స్ నిబంధనలు కూడా ప్రకటన సరుకు అసలు లక్షణాలకు సరిపోవాలనే అంటున్నాయి.

ఇక పెట్టె మీద రాతలు. సూరత్ బజారులో డోలా సిల్క్, విచిత్ర సిల్క్, లిచీ సిల్క్ అన్న పేర్లతో తిరిగే గుడ్డల్లో చాలావాటికి పట్టుపురుగుతో సంబంధం లేదు. వ్యాపారులకు అది తెలుసు, అది వాళ్ళలో వాళ్ళకు వాడుక పేరు. కానీ పెట్టె మీద బంగారు రంగు అక్షరాల్లో సిల్క్ అని మెరిసి, పాలిస్టర్ అన్నది ఎక్కడా కనబడకపోతే, గడప దాటి ఇంట్లోకి వెళ్ళేసరికి ఆ వాడుక అబద్ధంగా మారుతుంది. 1988 నాటి వస్త్ర వినియోగదారుల రక్షణ నిబంధనలు నూలు రకం, శాతం చెప్పమంటాయి. 2004లో కేంద్ర పట్టు మండలి వైపు నుంచి సిల్క్ మార్క్ వచ్చింది, 2006లో చేనేతకు విడిగా హ్యాండ్‌లూమ్ మార్క్ వచ్చింది. పడుగు పేకల అల్లికను ఘనాకారంగా చూపే ఆ చేనేత గుర్తును ఎన్ఐడీయే గీసింది. 2005 నాటికి పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇన్ని గుర్తులున్నా, డిజిటల్ ప్రింటర్ మీద దించిన పోచంపల్లి నమూనా ఫోటోలో అసలు ఇకత్‌లాగే కనిపిస్తుంది. నూలు మీద రంగు అద్ది, లెక్క కట్టి నేసిన చోట అంచులు ఈకల్లా చెదురుతాయి. ముద్రణ ఆ చెదురును కూడా బొమ్మగా గీసేయగలదు. వెనకవైపు తిప్పి చూస్తే తేలిపోతుంది గానీ కేటలాగ్‌లో వెనకవైపు ఎవరు చూపిస్తారు? ఇక్కడ పోయేది కొనేవారి డబ్బు ఒక్కటే కాదు, నల్లగొండ, యాదాద్రి జిల్లాల మగ్గాల కూలి.

2017లో తెలంగాణ ప్రభుత్వం మొదటిసారి బతుకమ్మ చీరలు పంచినప్పుడు జరిగింది ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. సిరిసిల్ల మరమగ్గాలు మాత్రమే అంత సరుకు ఇవ్వలేక కొంత సూరత్ నుంచి తెప్పించారు. చేనేత చీరలు వస్తాయని ఆశపడ్డవాళ్ళ చేతికి పాలిస్టర్ చీరలు వచ్చాయి, కొన్నిచోట్ల మహిళలు వాటిని తగలబెట్టారు. రాజకీయం పక్కన పెడదాం. మరమగ్గం పాలిస్టర్ చీర దానంతటది నేరం కాదు. కోట్ల మందికి అందుబాటు ధరలో రంగు, మార్పు ఇచ్చిన గుడ్డ అది. చెప్పింది ఒకటి, చేతికొచ్చింది ఒకటి అయినప్పుడే అవమానం పుడుతుంది.

తెలుగు అక్షరం విషయానికొస్తే మనసు ఇంకా బాధపడుతుంది. తెలుగునాట ఇంత సరుకు అమ్మే ఊరు తన పెట్టెల మీద తెలుగును దాదాపు పట్టించుకోలేదు. పండగ ఆఫర్ల బొమ్మల మీద తెలుగు పెట్టినప్పుడు ఒత్తులు విడిపోయి, అక్షరాల పక్కన అనాథల్లా నిలబడతాయి. కారణం ఉంది. మన డీటీపీ కొట్లు ఏళ్ళ తరబడి అను వంటి పాత పద్ధతి ఫాంట్లతో నడిచాయి, ఆ ఫైలు వేరే కంప్యూటర్లో తెరిస్తే గజిబిజి. యూనికోడ్ వచ్చాక ఆ సాకు తీరిపోవాలి. పురుషోత్ కుమార్ గుత్తుల రూపకల్పనలో సిలికానాంధ్ర ద్వారా వచ్చిన మండలి, గిడుగు, రామభద్ర, సూరన్న వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంకో చిక్కు, తెలుగు కిందికీ పైకీ పెరిగే లిపి. ఇంగ్లీషుకు పెట్టిన వరస దూరమే తెలుగుకూ పెడితే పై వరస ఒత్తులు కింది వరస గుడిదీర్ఘాలను తన్నుకుంటాయి. బాపు అక్షరాన్ని పెళ్ళి శుభలేఖల దాకా ప్రేమించిన జాతికి ఈ గజిబిజి చాలనుకోవడం అన్యాయం. సరిచూడగలవారు ఎక్కడో దూరాన లేరు, ఆ ఊళ్ళోనే ఉన్నారు. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి పేటల్లో తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ వాళ్ళ పిల్లల కోసం తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. సూరత్ మగ్గాల మీద పనిచేసినవాళ్ళ బిడ్డల్లో తెలుగు చదవగలిగినవారిని కేటలాగ్ కొట్లో కూర్చోబెట్టడం పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడు కృత్రిమ మేధ బొమ్మలు వస్తున్నాయి. మోడల్ లేదు, స్టూడియో లేదు, ఒక్కోసారి చీర కూడా లేదు. ముందు బొమ్మ పుట్టి, ఆర్డర్లు వస్తే ముద్రణ. సరుకు మిగిలిపోయే బాధ తగ్గుతుందని వ్యాపారి సంతోషం, అది న్యాయమైనదే. కానీ ఆ బొమ్మలో కుచ్చిళ్ళు పడిన తీరు ఏ గుడ్డదీ కాదు. నలభై గ్రాముల జార్జెట్టూ, మందపాటి జాకార్డూ ఒకేలా వాలతాయి. బొమ్మకూ సరుకుకూ మధ్య ఉన్న చివరి దారం తెగే చోటు ఇది.

దీన్నంతా డిజైనర్ నెత్తిన రుద్దలేం. సూరత్‌లో కేటలాగ్ తీర్చే కుర్రాడికి ఫోటోలు ఒక చోటినుంచి, పేరు ఇంకో చోటినుంచి వస్తాయి. ఫలానా సాయంత్రానికి పీడీఎఫ్ కావాలంటారు. గుడ్డ అతని చేతికి రాదు. దేనితో నేశారో, ఎంత బరువో, ఉతికితే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పరు కాబట్టి పేజీలో రాయడానికి అతని దగ్గర ఏమీ ఉండదు. ఫోటోషూట్ మీద పెట్టే డబ్బులో కాస్త తీసి, ప్రతి పేజీలో నూలు రకం, బరువు, జాకెట్ ముక్కతో కలిపి చీర పొడవు, పగటి వెలుతురు ఫోటో ఒకటి పెట్టించే పనికి మన హోల్‌సేల్ వ్యాపారులే పూనుకోవచ్చు. కొనేది వాళ్ళు, అడిగే హక్కు వాళ్ళది. తెలుగు జిల్లాల వస్త్ర వ్యాపారుల సంఘాలు కలిసి ఒక సీజను పాటు ఈ నాలుగూ లేని కేటలాగ్‌కు ఆర్డర్ రాసేది లేదంటే, సూరత్ వాళ్ళు వారంలో పెడతారు. ఆ ఊరి వేగం అలాంటిది.